వంటగదిలో డిటెక్టివ్ – ఒక పరిశీలన

డిటెక్టివ్ అనగానే తెలుగు పాఠకులకు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు గుర్తుకొస్తారు. ఇంగ్లీషు కథలు కాస్త చదివినవారికి షెర్లాక్ హోమ్స్ గుర్తుకొస్తాడు. వీళ్ళు వృత్తిరీత్యా డిటెక్టివ్‌లు. నేరం జరిగితే వీళ్ళను పిలుస్తారు, వీళ్ళ మాటకు విలువ ఇస్తారు. అయితే ఇంగ్లీషు డిటెక్టివ్ సాహిత్యంలోనే ఇంకొక శాఖ ఉంది. అందులో నేరం గుట్టు విప్పే మనిషిని ఎవరూ పిలవరు. ఆమె మాట మొదట్లో ఎవరూ వినరు. ఆమె ఒక బేకరీ నడుపుకునే స్త్రీ కావచ్చు, విందులకూ దినాలకూ భోజనాలు ఒప్పుకొని వండిపెట్టే మనిషి కావచ్చు. చేతిలో పిస్తోలు ఉండదు, గరిటె ఉంటుంది. ఇటువంటి నవలలను ఇంగ్లీషులో ‘క్యులినరీ కోజీ మిస్టరీ’లు అంటారు. మనం వాటిని వంటింటి డిటెక్టివ్ నవలలు అనుకోవచ్చు.

ఈ నవలలను చాలామంది కాలక్షేపం పుస్తకాలుగానే లెక్కగడతారు. అది కొంతవరకు నిజమే. కానీ శ్రద్ధగా చదివితే వాటిలో ఒక గట్టి విషయం కనిపిస్తుంది. తిండిలో తేడా వస్తే మొదటి అనుమానం వండినవారి మీదే పడుతుంది. ఆ అనుమానాన్ని తుడిచేసే తెలివి కూడా వండినవారి దగ్గరే ఉంటుంది. ఈ రెండు మాటల చుట్టూనే ఈ శాఖ అంతా తిరుగుతుందని మా అభిప్రాయం. ఈ శాఖ పుట్టుక, పద్ధతి, ముఖ్య రచనలు, పరిమితులు, మనలాంటి హాస్టల్ విద్యార్థులకు దీనివల్ల ప్రయోజనం – వీటిని ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలిద్దాం. వివరణ కోసం ఒక కథ ముగింపును మాత్రం బయటపెట్టక తప్పదు. మిగిలినవాటి హంతకులను దాచే ఉంచుతాము.

1. ‘కోజీ’ అంటే ఏమిటి?

‘కోజీ’ అంటే వెచ్చగా, హాయిగా ఉండటం. చలికాలం రాత్రి దుప్పటి కప్పుకొని కూర్చున్నప్పుడు ఉండే సుఖం లాంటిది. హత్యల నవలకు ఆ పేరేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. ఈ నవలల్లో హత్య ఉంటుంది కాని రక్తపాతం వర్ణన ఉండదు. కథ జరిగేది చిన్న ఊళ్ళో. అక్కడ అందరికీ అందరూ తెలుసు. పరిశోధన చేసేది పోలీసు కాదు, ఒక మామూలు మనిషి. చివరికి దోషి దొరుకుతాడు, ఊరు మళ్ళీ కుదుటపడుతుంది.

ఈ పద్ధతికి పునాది పడింది 1920, 1930ల నాటి ఇంగ్లండులో. ఆ కాలాన్ని డిటెక్టివ్ కథకు స్వర్ణయుగం అంటారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతగురువు డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆనవాలూ పాఠకుడికి కూడా చూపించాలన్నది వాటిలో ఒకటి. లోకానికి తెలియని కొత్త విషాన్ని కథలో వాడకూడదన్నది మరొకటి. దీన్నే ‘న్యాయమైన ఆట’ అంటారు. పరీక్షలో సిలబస్ బయటి ప్రశ్న ఇవ్వకూడదనడం వంటిది ఇది. జవాబు పాఠంలోనే ఉండాలి, మనం గమనించకపోతే తప్పు మనది.

ఆనవాళ్ళతోపాటు రచయిత కావాలనే కొన్ని తప్పుడు ఆనవాళ్ళను కూడా పెడతాడు. మన చూపును పక్కకు మళ్ళించడానికే అవి. నిజమైన ఆనవాలు ఏదో, దారి తప్పించేది ఏదో తేల్చుకోవడమే ఈ నవల చదవడంలోని ఆట.

2. విషానికీ వంటింటికీ ఉన్న బంధం

ఈ కథల్లో ఎక్కువసార్లు ఆయుధం విషం. దానికి చారిత్రక కారణం ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్, ఎలుకల మందుగా మామూలు దుకాణాల్లో దొరికేది. అది తెల్లని పొడి. పిండిలో కలిపినా, పంచదారలో కలిపినా కంటికి తేడా తెలియదు. దానివల్ల వచ్చే వాంతులు, విరేచనాలు కలరా లక్షణాల్లాగే ఉండేవి. అందువల్ల చాలా మరణాలను రోగం పద్దులో రాసేసేవారు. 1836లో జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త అతి కొద్దిపాటి ఆర్సెనిక్‌ను కూడా పట్టుకునే పరీక్షను ప్రకటించాడు. 1851లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆర్సెనిక్ అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళ పేరు పుస్తకంలో రాయాలి, చిన్న మొత్తాల్లో అమ్మేటప్పుడు అందులో మసి గాని నీలిమందు గాని కలిపి రంగు మార్చాలి.

అయినా 1858లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో ఘోరం జరిగింది. మిఠాయి తయారుచేసేవాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి పంచదారలో చౌకబారు తెల్లపొడి కలిపేవారు. ఆ పొడి కోసం మందుల దుకాణానికి వెళితే అక్కడి పనివాడు పొరపాటున ఆర్సెనిక్ తూచి ఇచ్చాడు. దానితో చేసిన పిప్పరమెంటు బిళ్ళలు తిని సుమారు 20 మంది చనిపోయారు, దాదాపు 200 మంది జబ్బుపడ్డారు. అక్కడ హంతకుడంటూ ఎవరూ లేరు. కల్తీ, అజాగ్రత్త మాత్రమే ఉన్నాయి. తిండిలో మరణం ఎలా దాగి ఉంటుందో అక్కడి ప్రజలకు ఇలాంటి సంఘటనల ద్వారా బాగా తెలుసు. రచయితలు దీన్నే కథావస్తువుగా తీసుకున్నారు.

అగాథా క్రిస్టీ (1890–1976) మొదటి ప్రపంచ యుద్ధకాలంలో టార్కీ పట్టణంలోని ఆస్పత్రిలో మందులిచ్చే విభాగంలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదులో విషమవుతుందో ఆమె అక్కడ నేర్చుకుంది. ఆమె కథల్లో విషాలు సరిగ్గా పనిచేయడానికి ఆ ఉద్యోగమే కారణం.

3. ఒక కథ, ఒక పాఠం

వంటింటి తెలివితో గుట్టు విప్పడానికి మంచి ఉదాహరణ క్రిస్టీ 1927 డిసెంబరులో ప్రచురించిన ‘ద ట్యూజ్‌డే నైట్ క్లబ్’ అనే చిన్న కథ. మిస్ మార్పుల్ అనే పల్లెటూరి వృద్ధురాలు మొదటిసారి కనిపించేది ఇందులోనే. ఆమె వృత్తిరీత్యా వంటమనిషి కాదు. కాని ఇల్లు నడిపిన మనిషి, పనిపిల్లలకు పని నేర్పిన మనిషి. వంటింటి డిటెక్టివ్‌లందరికీ ఆమెను పెద్దమ్మగా చెప్పుకోవచ్చు.

ఆరుగురు ఒక గదిలో కూర్చుని ఉంటారు. వారిలో ఒక మాజీ పోలీసు ఉన్నతాధికారి, ఒక లాయరు, ఒక మతగురువు, ఒక రచయిత, ఒక చిత్రకారిణి ఉన్నారు. ఆరో మనిషి ఊలు అల్లుకుంటున్న మిస్ మార్పుల్. పోలీసు అధికారి ఒక కేసు చెబుతాడు. జోన్స్ అనే వ్యక్తి, అతని భార్య, ఆమెకు తోడుగా ఉండే మిస్ క్లార్క్ – ముగ్గురూ రాత్రి భోజనంలో డబ్బాలో నిలవచేసిన సముద్రపు రొయ్య, తరవాత ట్రైఫిల్ అనే తీపి పదార్థం పెట్టుకున్నారు. రాత్రికి ముగ్గురికీ జబ్బు చేసింది. భార్య చనిపోయింది. డబ్బా ఆహారం పాడైందని అందరూ అనుకున్నారు.

తరవాత ఒక హోటల్లో గదులు శుభ్రంచేసే అమ్మాయి ఒక సంగతి బయటపెట్టింది. జోన్స్ ఆ హోటల్లో దిగినప్పుడు రాసిన ఉత్తరం అచ్చు అద్దుడు కాగితం మీద పడింది. అందులో భార్య చనిపోయాక అన్న మాట ఉంది, ‘వందలు, వేలు’ అన్న మాట కూడా ఉంది. శవాన్ని తవ్వి తీసి పరీక్షిస్తే ఆర్సెనిక్ కనబడింది. కాని భర్త విషం ఎప్పుడు, ఎలా పెట్టాడో తేలలేదు. ‘వందలు, వేలు’ అంటే భార్య ఆస్తి తాలూకు డబ్బు అనుకున్నారు చదువుకున్నవాళ్ళందరూ.

మిస్ మార్పుల్‌కు మాత్రం అది డబ్బులాగా వినిపించలేదు. ఇంగ్లండులో ట్రైఫిల్ పైన చల్లే రంగురంగుల చిన్న చక్కెర గింజలను ‘వందలు, వేలు’ అనే పిలుస్తారు. మనం పెళ్ళి భోజనాల తరవాత తినే రంగుల చక్కెర పట్టించిన సోంపును గుర్తుచేసుకుంటే అది ఎలా ఉంటుందో ఊహించవచ్చు. విషం ఆ గింజల్లో ఉంది. మిస్ క్లార్క్ ఒళ్ళు తగ్గడానికి పథ్యం చేస్తోంది కనుక తీపి ముట్టుకోలేదు. జోన్స్ పైనున్న గింజలను పక్కకు తీసేసి తిన్నాడు. భార్య అన్నీ తిన్నది. విషం కలిపింది ఆ ఇంటి పనిపిల్ల గ్లాడిస్. పెళ్ళి చేసుకుంటానని జోన్స్ ఆమెను నమ్మించాడు, తరవాత మోసం చేశాడు.

ఈ కథలో గమనించవలసినవి మూడు. మొదటిది, ఆనవాలు అందరి ముందూ ఉంది. రెండవది, దాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు కాక వంటింటి మాట తెలియడం అవసరమైంది. మూడవది, ప్రశ్న అడిగే పద్ధతి. ‘ఎవరికి లాభం’ అని మాత్రమే అడిగితే సగం దూరమే వెళ్ళగలం. ‘ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరు పైపైన తిన్నారు’ అని అడిగితేనే మిగతా సగం తెలుస్తుంది.

4. నిజజీవితంలోనూ ఇదే పద్ధతి

ఇది కథల్లో మాత్రమే పనికొచ్చే ప్రశ్న కాదు. ప్రజారోగ్య శాస్త్రం చదివేవాళ్ళకు మొదట చెప్పే పాఠాల్లో ఒకటి 1940 ఏప్రిల్ 18న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో కౌంటీలో జరిగిన చర్చి విందు. సుమారు 80 మంది తిన్నారు. 75 మందిని అధికారులు విచారించగా 46 మందికి జబ్బు చేసిందని తేలింది. ఎవరు ఏమేమి తిన్నారో పట్టిక వేశారు.

పంది మాంసం తిన్న 46 మందిలో 29 మందికి, అంటే 63 శాతం మందికి జబ్బు చేసింది. అది తినని 29 మందిలోనూ 17 మందికి, అంటే 59 శాతం మందికి జబ్బు చేసింది. రెండింటికీ పెద్ద తేడా లేదు కనుక మాంసాన్ని అనుమానించడానికి ఆధారం లేదు. వెనిల్లా ఐస్‌క్రీం తిన్న 54 మందిలో 43 మందికి, అంటే 80 శాతం మందికి జబ్బు చేసింది. తినని 21 మందిలో ముగ్గురికే, అంటే 14 శాతం మందికే చేసింది. దోషి ఐస్‌క్రీం అని లెక్కే చెప్పింది. మిస్ మార్పుల్ ముగ్గురు మనుషులతో చేసిన పనిని ఇక్కడ 75 మందితో చేశారు.

5. వంట వృత్తిగా ఉన్న నాయికలు

వంట వచ్చిన నాయికను పూర్తిగా కథ మధ్యలో నిలబెట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసింది అమెరికా రచయిత్రి వర్జీనియా రిచ్. పత్రికల్లో వంట శీర్షికలు రాసిన ఆమె 1982లో ‘ద కుకింగ్ స్కూల్ మర్డర్స్’ ప్రచురించింది. ఇందులో నాయిక యుజీనియా పాటర్ అనే వితంతువు. ఈ శ్రేణిలో రిచ్ రాసినవి మూడు నవలలు. ఆమె చనిపోయాక నాన్సీ పికార్డ్ అనే రచయిత్రి ఆ పాత్రను కొనసాగించింది.

1990లో రెండు ముఖ్య నవలలు వచ్చాయి. ఒకటి కాథరీన్ హాల్ పేజ్ రాసిన ‘ద బాడీ ఇన్ ద బెల్ఫ్రీ’. రెండవది డయాన్ మాట్ డేవిడ్‌సన్ రాసిన ‘కేటరింగ్ టు నోబడీ’. ఈ రెండవదాన్ని కాస్త వివరంగా చూద్దాం. నాయిక గోల్డీ కొలరాడో కొండల్లోని చిన్న ఊళ్ళో భోజనాల కాంట్రాక్టులు చేస్తుంది. తనను కొట్టే డాక్టరు భర్త నుంచి విడాకులు తీసుకుని, కొడుకును పెంచుకుంటూ, తెలిసిన ఒకే పనితో సొంత కాళ్ళ మీద నిలబడింది. ఒక టీచరమ్మ దినం భోజనాల్లో గోల్డీ మాజీ మామగారికి విషప్రయోగం జరుగుతుంది. అది ఎలుకల మందు అని తేలుతుంది. పోలీసులు వెంటనే చేసిన పని గోల్డీ వ్యాపారం మూయించడం.

గోల్డీ పరిశోధనకు దిగింది సరదాకు కాదు. పొయ్యి వెలిగించకపోతే ఆమెకు ఆదాయం లేదు, కొడుక్కు తిండి లేదు. వండేవాళ్ళకు పేరే పెట్టుబడి. బియ్యం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, ‘ఆమె చేతి వంట తిని జబ్బు చేసింది’ అన్న మాట పుడితే దాన్ని వెనక్కి తీసుకురావడం ఎవరి తరం కాదు. ఈ శాఖలోని మంచి నవలలన్నిటికీ బలం ఈ కారణంలోనే ఉంది. మామూలు మనిషి హత్యకేసులో ఎందుకు తల దూర్చాలి అన్న ప్రశ్నకు వంట నవల దగ్గర గట్టి జవాబు ఉంది.

జోయాన్ ఫ్లూక్ 2000లో రాసిన ‘చాకొలెట్ చిప్ కుకీ మర్డర్’లో నాయిక హానా స్వెన్సన్. తండ్రి పోయాక పై చదువు మధ్యలో ఆపి మిన్నెసోటాలోని సొంత ఊరికి వచ్చి బిస్కెట్ల దుకాణం పెట్టుకుంటుంది. పాలు తెచ్చే మనిషి ఆమె దుకాణం వెనక సందులో తన బండిలోనే హత్యకు గురవుతాడు. అతని చుట్టూ హానా చేసిన బిస్కెట్లు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఊరివాళ్ళు రోజూ దుకాణానికి వచ్చి కూర్చుని మాట్లాడుకుంటారు. వడ్డించే మనిషి ముందు ఎవరూ మాట దాచుకోరు, ఎందుకంటే ఆమెను ఎవరూ చూడరు. ఇది ఈ శాఖలో తరచు కనబడే రెండవ ఎత్తు.

ఈ నవలల్లో ఒక విశేషం ఉంది. కథ మధ్యలోనో చివరనో వంటకాలు చేసే పద్ధతిని కొలతలతో సహా ఇస్తారు. అది కేవలం అలంకారం కాదు. నాయికకు పని నిజంగా వచ్చుననడానికి అది రుజువు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా నడిచే నవల ఒకటి ఉంది. స్కాట్లండు రచయిత్రి ఎం.సి. బీటన్ 1992లో రాసిన ‘అగాథా రెయిజిన్ అండ్ ద కీష్ ఆఫ్ డెత్’. లండనులో సొంత ప్రచార సంస్థను అమ్మేసి పల్లెకు వచ్చిన అగాథాకు వంట రాదు. ఊళ్ళో పేరు కోసం పోటీలో కీష్ పెడుతుంది. కీష్ అంటే గుడ్లు, మీగడ, కూరలు కలిపి పిండి పల్లెంలో కాల్చే వంటకం. అది లండను దుకాణంలో కొన్నది. తీర్పు చెప్పే పెద్దమనిషి ఆ కీష్ తిని చనిపోతాడు. అందులో విషపు మొక్క ఉందని తేలుతుంది. ఇప్పుడామె ముందున్న దారులు రెండే. వండింది నేనే అంటే హంతకురాలు, కొన్నాను అంటే మోసగత్తె. వంట ఎవరి చేతిది అన్న ప్రశ్న ఎంత బరువైనదో ఈ హాస్య నవల చక్కగా చూపిస్తుంది.

6. కొత్త చేతులు, కొత్త రుచులు

నాక్స్ పది నియమాల గురించి ముందు చెప్పుకున్నాము. వాటిలో ఐదవది కథలో చైనా మనిషి కనబడకూడదని చెబుతుంది. ఆ కాలపు చౌకబారు నవలల్లో దుర్మార్గుడంటే చైనావాడే కావడం మామూలై పోయింది కనుక దాన్ని ఎత్తిపొడవడానికే నాక్స్ అలా రాశాడని అంటారు. ఏమైనా ఒక జాతి మనుషులు ఆ కథల్లో విలన్లుగానో, లేకుండానో మాత్రమే ఉండగలిగేవారు.

2018లో వివియన్ చియెన్ రాసిన ‘డెత్ బై డంప్లింగ్’ వచ్చింది. క్లీవ్‌లండ్ నగరంలో ఒక చైనా భోజనశాల నడుపుకునే కుటుంబంలోని అమ్మాయి లానా లీ ఇందులో డిటెక్టివ్. పడని పదార్థం ఉన్న కుడుములు తిని ఒక మనిషి చనిపోతే నింద ఆ వంటగది మీద పడుతుంది. 2021లో మియా మనన్‌సాలా రాసిన ‘ఆర్సెనిక్ అండ్ అడోబో’లో ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన కుటుంబంలోని లైలా తన అత్త హోటల్‌ను కాపాడుకుంటుంది. ఈ నవలకు ఉత్తమ తొలి నవలగా అగాథా అవార్డు వచ్చింది.

దక్షిణాఫ్రికా రచయిత్రి శాలీ ఆండ్రూ 2015లో రాసిన ‘రెసిపీస్ ఫర్ లవ్ అండ్ మర్డర్’ ఇంకా లోతైనది. టానీ మరియా ఒక చిన్న పత్రికలో పాఠకుల ఉత్తరాలకు సలహాతోపాటు ఒక వంటకం కూడా రాసి పంపుతుంది. భర్త కొడుతున్నాడని ఉత్తరం రాసిన ఒక స్త్రీ హత్యకు గురవుతుంది. మరియా కూడా ఒకప్పుడు అలాంటి దెబ్బలు తిన్న మనిషే. ఆమెను కదిలించేది ఆ పాత నొప్పే.

7. పరిమితులు

ఈ శాఖలో లోపాలూ ఉన్నాయి. మొదటిది నమ్మకానికి సంబంధించినది. హానా స్వెన్సన్ కథలు పాతికకు పైగా వచ్చాయి. ఒక చిన్న ఊళ్ళో అన్ని హత్యలు జరగవు. రెండవది, ఇందులో పోలీసులు చాలాసార్లు మరీ తెలివితక్కువవాళ్ళుగా కనబడతారు. నిజానికి విషం కేసు ప్రయోగశాల లేకుండా తేలదు.

మూడవది ముఖ్యమైనది. ఈ నాయికలు ఎక్కువమంది దుకాణానికి యజమానురాళ్ళు, లేదా ఆ కుటుంబంవాళ్ళు. జీతానికి గిన్నెలు కడిగే మనిషి డిటెక్టివ్ కావడం అరుదు. క్రిస్టీ 1953లో రాసిన ‘ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై’లో గ్లాడిస్ అనే ఇంకొక పనిపిల్ల ఉంటుంది. అనాథాశ్రమం నుంచి వచ్చిన పిల్ల. మిస్ మార్పుల్ దగ్గరే పని నేర్చుకుంది. ఆమెను చంపి ముక్కుకు బట్టలు ఆరేసే క్లిప్పు తగిలించి పోతారు. ధనవంతుడి చావు కోసం పోలీసులు వస్తారు. మిస్ మార్పుల్ రైలెక్కి వచ్చేది గ్లాడిస్ కోసం. ఆ అవమానం ఆమెకు భరించరానిదవుతుంది. వంటింటి డిటెక్టివ్ కథలన్నిటిలో మమ్మల్ని ఎక్కువగా కదిలించినది ఇదే. అయినా ఇందులో కూడా గ్లాడిస్ కోసం వేరేవాళ్ళు మాట్లాడారు. గ్లాడిస్ తనే గుట్టు విప్పే కథ ఇంకా రావలసి ఉంది.

8. ఇందులో మనకేముంది?

మన దేశంలో వండిన చేయి మీద పడే అనుమానానికి ఇంకో పొర కూడా ఉంది. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్ళుగా, సహాయకులుగా దళితులకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. ఆ తరవాత కూడా ఆ చేతి వంట తినబోమన్న సంఘటనలు ఆగలేదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత మహిళ వండిందని కొందరు పిల్లలు భోజనం మానేశారు. నవలలో గోల్డీ తను విషం కలపలేదని రుజువు చేసుకుంటే చాలు. ఇక్కడ ఏ ప్రయోగశాల పరీక్ష చేసినా తేలేది ఏమీ లేదు, ఎందుకంటే అనుమానం అన్నం మీద కాదు.

వండే మనిషి మాట వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో సంఘటన ఉంది. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఒకప్పుడు మన పత్తిచేలల్లో విరివిగా కొట్టిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు ఆ వంటనూనెలో ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. నూనె తేడాగా ఉందని వంట చేసే ఆమె ముందే చెప్పిందనీ, అయినా దానితోనే వండమన్నారనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ వంట తిని ఆమె కూడా ఆస్పత్రి పాలైంది. ఆమె ముక్కు పట్టిన సంగతిని ప్రయోగశాల తరవాత కనిపెట్టింది. మధ్యలో 23 ప్రాణాలు పోయాయి.

అందువల్ల మిత్రులకు మా మనవి ఒకటే. హాస్టల్లో అన్నం బాగాలేనప్పుడు మనం మొదట విసుక్కునేది కుక్ మీద, కామాటి మీద. కాని ఏ బస్తా బియ్యం ముక్కిపోయిందో, పప్పు ఎప్పుడు వచ్చిందో, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారో ముందు తెలిసేది వాళ్ళకే. మెస్ కమిటీ కూర్చున్నప్పుడు వాళ్ళను కూడా కూర్చోబెట్టి అడగాలి. ఎవరికైనా జబ్బు చేస్తే ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి, ఆ వెంటనే ఎవరు ఏమి తిన్నారు, ఎవరు తినలేదు అని ఒక కాగితం మీద గీతలు గీసి రాయాలి. ఆ కాగితం నిర్దోషిని కాపాడుతుంది, అసలు కారణాన్నీ చూపిస్తుంది.

9. చదవదలచిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

ఇంగ్లీషు అంటే జంకు ఉన్నవాళ్ళకు ఈ నవలలు మంచి మెట్టు. వాక్యాలు చిన్నవి, సంభాషణలు ఎక్కువ, ఏం జరుగుతుందోనన్న ఆత్రుత పేజీ తిప్పిస్తుంది. కొన్ని సూచనలు:

మొదట క్రిస్టీ చిన్న కథలతో మొదలుపెట్టండి. పైన చెప్పిన కథ 1932లో వచ్చిన ‘ద థర్టీన్ ప్రాబ్లమ్స్’ సంపుటిలో ఉంది. ఒక్కొక్క కథ ఒక్క పూటలో అయిపోతుంది.

నవల చదివేటప్పుడు ముందు అందులోని వంటకం పద్ధతి చదవండి. కలపండి, వేయించండి, చల్లార్చండి అనే క్రియలన్నీ అక్కడే దొరుకుతాయి. చేసే పని మనకు తెలిసినదే కనుక నిఘంటువు అవసరం తగ్గుతుంది.

నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. ఎవరు వంటగదిలోకి వెళ్ళారు, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు. ప్రతి అధ్యాయం తరవాత నింపండి. ముగింపుకు ముందు ఆగి, మీ అనుమానం ఎవరి మీదో రాయండి. తరవాత రచయిత జవాబుతో పోల్చుకోండి. తప్పినా ఫరవాలేదు, ఏ ఆనవాలును వదిలేశారో వెనక్కి తిప్పి చూడండి. గ్రూప్స్ పరీక్షల్లో రీజనింగ్ ప్రశ్నలకు కూడా ఈ అలవాటు పనికొస్తుంది.

చివరగా ఒక మాట. ఈ హాస్టళ్ళలో చదువుకున్న మనలో చాలామందికి ఇతరుల ఇళ్ళలో, హోటళ్ళలో, బడుల్లో వండిపెట్టిన తల్లులు, అక్కలు ఉన్నారు. వాళ్ళు రోజూ ఏమేమి చూశారో, ఏమేమి విన్నారో ఎవరూ అడిగి రాసుకోలేదు. తెలుగులో వంటింటి డిటెక్టివ్ నవల రాయడానికి కావలసిన సరుకంతా వాళ్ళ దగ్గర ఉంది. వచ్చే సంవత్సరాల వార్షికోత్సవ సంచికల్లో అలాంటి కథ ఒకటైనా మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రాస్తారనీ, అందులో డిటెక్టివ్ జీతానికి వండే మనిషే అవుతుందనీ ఆశిస్తూ ముగిస్తున్నాము.